మేకప్ అయిందా?

"మేకప్ అయిందా?"

చిన్నప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న ఇంగ్లీషు మాట ఇదే. విన్నది బడిలో కాదు, అనంతపురం పాతూరులో మా నాయన పనిచేసే ప్రెస్సులో. ముందు గదిలో ఓనరు బల్ల. వెనక పొడుగాటి గది, గోడ వెంట వాలుగా నిలబెట్టిన టైపు కేసులు, మూలన కాలితో తొక్కే అచ్చు యంత్రం, ట్రెడిల్. కరపత్రానికో శుభలేఖకో వచ్చిన మనిషి బల్ల దగ్గర నిలబడగానే ఓనరు కూర్చున్న చోటి నుంచే కేకేసేవాడు. నాయన చేతిలో పని ఆపకుండా "అయితాంది సార్" అనేవాడు.

అమ్మ చెనిక్కాయల మిల్లులో విత్తనాలు ఏరే పనికి పోయేది. ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి బడి వదలగానే నేను ప్రెస్సుకే పోయేవాణ్ణి. 1978, 79 నాటి సంగతి. కిరసనాయిలు, సిరా, సీసం మూడూ కలిసిన ఆ వాసన ఇప్పుడు ఎక్కడా దొరకదు. దొరికితే అక్కడే కాసేపు నిలబడిపోతాను.

నాయన అయిదో తరగతితో చదువు ఆపేశాడు. ఆయన కంపోజింగ్ చేస్తుంటే చూడాలి. ఎడమ చేతిలో అక్షరాలు వరుసగా పేర్చుకునే స్టిక్కు, కళ్ళు రాసిచ్చిన కాగితం మీద, కుడి చెయ్యి మాత్రం కేసులో తిరుగుతూ ఉండేది. తెలుగు కేసు అంటే చిన్న విషయం కాదు. ఇంగ్లీషుకు పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు కలిపినా లెక్క తొందరగా తేలిపోతుంది. మనకు గుణింతాలు వేరు, ఒత్తులు వేరు, వందల గళ్ళు. ఏ గడిలో ఏముందో ఆయన వేళ్ళకు తెలుసు. అచ్చు అక్షరం అద్దంలో నీడలా తిరగబడి ఉంటుంది. ఆ వరుసను తలకిందులుగా పెట్టుకుని ఎడమ నుంచి కుడికి చదవాలి. వాచకం చదవడంతో పాటే అట్లా చదవడం కూడా నాకు వచ్చేసింది.

మేకప్ అనేది కంపోజింగ్ తర్వాతి పని. స్టిక్కులో కూర్చిన వరుసలు గ్యాలీ అనే పళ్ళెంలోకి వస్తాయి. ప్రూఫు తీసి తప్పులు దిద్దాక వాటిని పేజీగా నిలబెట్టాలి. శీర్షిక ఎక్కడ, వినాయకుడి బ్లాకు ఎక్కడ, వరుసకూ వరుసకూ మధ్య ఎంత ఎడం ఉండాలి, అన్నీ అప్పుడే తేలుతాయి. ఆ ఎడం కోసం వరుసల మధ్య పలచటి సీసం పట్టీలు పెట్టేవాళ్ళు. వాటిని లెడ్లు అనేవాళ్ళు. అచ్చుపనిలో కొలతలు పాయింట్లలో చెబుతారు, ఇవి మామూలుగా రెండు పాయింట్ల మందం ఉండేవి. పేజీ చుట్టూ దారం బిగించి, ఇనప చట్రంలో పెట్టి, ఖాళీలన్నిటిలో కొయ్య ముక్కలు దూర్చి, తాళంచెవితో బిగించాలి. తర్వాత చట్రాన్ని ఒక పక్క కొంచెం ఎత్తి, అరచేత్తో మెల్లగా తట్టి చూసేవాడు నాయన. ఒక్క వరుస వదులుగా ఉన్నా అక్షరాలు జారిపోతాయి. ఒకసారి పెద్ద కరపత్రం ఒకటి ఆయన చేతుల్లోంచే జారి నేల మీద చెల్లాచెదురయింది. ఆ రాత్రి పది దాటిందాకా ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్క అక్షరం ఏరి గళ్ళలో వేశాం. నాయన ఒక్క మాట మాట్లాడలేదు.

"మేకప్ అంటే ఏంది నాయనా?" అని అడిగాను ఒకరోజు.

ఆయన అచ్చుపడని ముక్కొకటి నా అరచేతిలో పెట్టాడు. అక్షరం కంటే పొట్టిగా ఉంటుంది, సిరా తగలదు, కాగితం మీద కనపడదు. "ఇట్లాటివి ఎన్ని ఉంటే పేజీ నిలబడతాదో సూడు. చాలనికాడ చాలేట్టు చేసేదే మేకప్పు" అన్నాడు.

ఆ మాట నా దగ్గర ఉండిపోయింది.

మా చిన్నాయన గుంతకల్లులో గార్డు. సంక్రాంతికీ దసరాకీ ఆయన క్వార్టర్సుకు పోయేవాళ్ళం. గుంతకల్లులో పొద్దున నిద్ర లేపేది కోడి కాదు, ఇంజను కూత. చిన్నాయన తెల్ల డ్రస్సు, పచ్చ జెండా, ఎర్ర జెండా, చెయ్యి లాంతరు, నల్లటి ఇనప పెట్టె, ఇవన్నీ నాకు దేవుడి సామాన్లలా కనిపించేవి. ఒకసారి మదరాసు వైపు పోయే బండి ఆలస్యంగా వచ్చింది. ప్లాట్‌ఫారం మీద డ్రైవరుతో చిన్నాయన అంటున్నాడు: "యాభై నిమిషాలు లేటు. రేణిగుంట లోపల ఇరవై అన్నా మేకప్ చేసుకోవల్ల."

నేను చొక్కా పట్టుకుని అడిగాను, రైలుకు మేకప్ ఏంది చిన్నాయనా అని. ఆయన విసుక్కోలేదు. టైంటేబులులో కొన్నిచోట్ల కొంచెం ఎక్కువ టైము వేసి ఉంచుతారంట. దారిలో పని జరుగుతుంటేనో, సిగ్నలు పడకపోతేనో పోయిన నిమిషాలను అక్కడ రాబట్టుకోవాలంట. ఎక్కడ ఎన్ని పోయినాయి, ఎక్కడ ఎన్ని తిరిగొచ్చినాయి అన్నీ రాసి చూపించాలంట. "పోయిన టైమును కూడబెట్టేదిరా" అన్నాడు. నా చేతిలో నాయన పెట్టిన సీసం ముక్క గుర్తొచ్చింది. రైలుకు కూడా కనపడని ముక్కలు ఉన్నాయన్నమాట, టైంటేబులు వరుసల మధ్య.

ఇక నాటకాల మేకప్పు అందరికీ తెలిసిందే, దాని గురించి ఎక్కువ చెప్పను. మా జిల్లాకు నాటకం కొత్త కాదు. బళ్లారి రాఘవ పుట్టింది 1880లో మా తాడిపత్రిలోనే. నాటకాల కరపత్రాలు ప్రెస్సుకు వస్తే నాయన వాటిని ఇంకొంచెం ఇష్టంగా చేసేవాడు. ఒకసారి తీరుబడిగా నన్ను గుత్తి దగ్గర మా ఊరికి తీసుకుపోయి నాటకం చూపించాడు. తెర వెనక మా మేనమామ గోడకు ఆనుకుని కూర్చుంటే ఒకాయన మొహానికి రంగు వేస్తున్నాడు. మామ కనుబొమ్మలు మాయమై కొత్త కనుబొమ్మలు వచ్చాయి. పలకరిస్తే మామ పలకలేదు. రంగు పూర్తయ్యేదాకా మాట్లాడకూడదంట.

బడిలో ఈ మాట నాకు ఎదురైంది పదో తరగతిలో, 1983లో. మా ఇంగ్లీషు సారు బోర్డు మీద "మేక్ అప్ యువర్ మైండ్" అని రాసి, "నిర్ణయించుకొను" అని తెలుగులో చెప్పాడు. మేక్ అంటే చేయడం, అప్ అంటే పైన, రెండూ కలిస్తే నిర్ణయం ఎట్లా అయింది సార్ అని ఎవరో అడిగారు. వీటిని విడదీసి చూడకూడదు, ఫ్రేజల్ వెర్బులు అంటారు, జంటగానే నేర్చుకోవాలి అన్నాడాయన. నేను లేచి నాయన పేజీ గురించి, చిన్నాయన రైలు గురించి చెప్పాను. సారు నన్ను కూర్చోమనలేదు. సుద్దముక్క తీసుకుని నేను చెప్పినవి కూడా బోర్డు మీద రాశాడు. దాని కింద ఇంకో రెండు చేర్చాడు. ఒకటి, లేనిది కల్పించి చెప్పడం. రెండోది, పోట్లాడుకున్నవాళ్ళు రాజీ పడటం. అన్నిటితో వాక్యాలు రాసుకు రమ్మన్నాడు.

రాజీ అన్న మాట దగ్గర నా పెన్ను ఆగిపోయింది.

అప్పటికి మూడేళ్ళుగా నాయనకూ చిన్నాయనకూ మాటల్లేవు. జేజి పోయాక ఊళ్ళో ఇంటి భాగం దగ్గర మొదలైంది. రెండంకణాల పాత ఇల్లు, వెనక చింతచెట్టు. ఇవాళ తలుచుకుంటే దాని విలువ ఎంత అనిపిస్తుంది. ఆ రోజు పెద్దమనుషుల ముందర ఒకరినొకరు అన్న మాటలకు మాత్రం విలువ కట్టలేం. ఆ తర్వాత గుంతకల్లు ప్రయాణాలు ఆగిపోయాయి. పండగలు వచ్చేవి, పోయేవి. అమ్మ ఎప్పుడైనా చిన్నమ్మ మాట ఎత్తితే నాయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు.

నేను నోటుపుస్తకంలో రాసిన వాక్యం ఇది: "మై ఫాదర్ అండ్ మై అంకుల్ మేడ్ అప్ లాస్ట్ వీక్."

మర్నాడు సారు పుస్తకం చూస్తూ దాని దగ్గర ఆగాడు. "నిజమేనా?" అని మెల్లగా అడిగాడు, పక్కవాళ్ళకు వినపడకుండా. కాదు సార్ అన్నాను. ఆయన వాక్యం కొట్టేయలేదు. గ్రామరు సరిగ్గానే ఉంది అని టిక్కు పెట్టి, "రెండు అర్థాలూ ఒకే వాక్యంలో రాశావు" అన్నాడు. ఆయన ఏమన్నాడో నాకు అర్థమయ్యేసరికి ఇంటికి పోయే దారిలో టవర్ క్లాక్ దాటి వచ్చేశాను. రాజీ పడ్డారని రాశాను, అది నేను కల్పించింది. గడియారం వైపు తిరిగి నిలబడి కాసేపు ఏడ్చాను.

ఆ రాత్రి సంగటి, ఊరుబిండి తిన్నాక నాయన నా పక్కన కూర్చుని బీడీ వెలిగించాడు. "ఏమిరా, రాసేది ఆపి అట్ల కూచున్యావు?" అన్నాడు. అసలు సంగతి చెప్పలేక, ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే ఎట్లా నేర్చుకునేది నాయనా అన్నాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "మన పట్టు సంగతి ఏమి మరి?" అన్నాడు. "నిద్ర పట్టిందంటాం. మబ్బు పట్టిందంటాం. తుప్పు పట్టిందంటాం. గొడుగు పడతాం, చేపలు పడతాం. ఊరికి పోను రెండు గంటలు పట్టిందంటాం. ఈ డబ్బాలో మూడు శేర్లు పడతాయంటాం. పిండి పట్టించుకొస్తాం. జ్వరమొచ్చినోనికి తలకు నూనె పట్టిస్తాం. నీకేమన్నా పట్టిందా అంటే దయ్యమా, లెక్కలేనితనమా, రెండూ కావచ్చు. ఇవన్నీ నీకు ఎవరు నేర్పినారు?"

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన ఇంకా వెతుకుతున్నాడు, కేసులో ఒత్తు కోసం వెతికినట్టు. "పంతం పట్టినాడంటాం" అని ఆగిపోయాడు. బీడీ ఆరిపోయింది. మళ్ళీ వెలిగించలేదు.

ఇప్పటికి ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు ఇంగ్లీషు చెప్పాను. ఫ్రేజల్ వెర్బుల పాఠం వచ్చినప్పుడల్లా నేను మొదలుపెట్టేది ఆ రాత్రి నాయన చెప్పిన "పట్టు"తోనే. పిల్లలు పోటీ పడి చెబుతారు. బోర్డు నిండిపోతుంది. అప్పుడు ఇంగ్లీషు మాట రాస్తే దాన్ని చూసి ఎవరూ భయపడరు. జాబితా ఇచ్చి బట్టీ కొట్టించడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. యాభై మాటలు, యాభై అర్థాలు, పరీక్ష అయ్యాక ఒక్కటీ మిగలదు. ఆ మాట ఎవరి నోట్లో, ఏ పనిలో పుట్టిందో చూపిస్తే పిల్లవాడు దాన్ని జన్మలో మరిచిపోడు.

నేను బీఎస్సీ చదివింది 1916లో మొదలైన మా ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీలో. కెమిస్ట్రీ ల్యాబులో మొదటి వారమే మళ్ళీ ఇదే మాట. "మార్కు దాకా మేకప్ చెయ్యండి" అన్నారు లెక్చరరు. స్టాండర్డ్ ఫ్లాస్కు మెడ సన్నగా ఉంటుంది, మీద ఒక గీత. తూచిన సోడియం కార్బొనేట్ అందులో కరిగించి, డిస్టిల్డ్ వాటరు పోసుకుంటూ పోయి, గీత దగ్గరకు వచ్చాక ఒక్కొక్క చుక్క వెయ్యాలి. కన్ను గీతకు సమంగా రావాలి. నీటి ఉపరితలం గిన్నెలా వంగి ఉంటుంది, ఆ వంపు అడుగు గీతను తాకగానే ఆపాలి. ఒక్క చుక్క ఎక్కువైతే తీసేసి సరిచేసుకోవడం కుదరదు, మొత్తం పారబోసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. చాలనికాడ చాలేట్టు, మించకుండా. నాయన చేతులు ఉంటే ఆ పని ఒక్కసారికే అయిపోయేది అనుకున్నాను.

తర్వాత మనసు మార్చుకుని 1981లో ఏర్పడిన మా శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయంలో ఎంఏ ఇంగ్లీషులో చేరాను. అక్కడే తెలిసింది, ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు అంత పాతది కాదని. లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన 1925లో దాన్ని వాడాడు, ఆ పేరు సూచించింది నిఘంటుకారుడు హెన్రీ బ్రాడ్లీ. పేరు లేకముందు కూడా జనం ఆ మాటలు వాడుతూనే ఉన్నారు. వ్యాకరణం ఎప్పుడూ వెనకే వస్తుంది.

అందులో నాకు బాగా నచ్చింది ఆ "అప్" అన్న చిన్న ముక్క. పైకి అని ఒక్కటే అర్థం అనుకుంటాం. కానీ ఈట్ అప్, యూజ్ అప్, ఫిల్ అప్, ఇందులో పైకి ఏమీ పోవడం లేదు. పని పూర్తి కావడం ఉంది. మనం తిను అనకుండా తినెయ్ అంటామే, ఆ "ఎయ్" చేసే పనే ఇది కూడా చేస్తుంది. ఇంకో సంగతి, ఈ జంట మధ్యలోకి వేరే మాట రావచ్చు. కథ అనే నామవాచకాన్ని మేడ్‌కు అప్‌కు మధ్యలోనైనా పెట్టొచ్చు, చివరనైనా పెట్టొచ్చు. "ఇట్" లాంటి సర్వనామం మాత్రం మధ్యలోనే ఉండాలి. మేడ్ ఇట్ అప్ అనాలి, మేడ్ అప్ ఇట్ అంటే తప్పు. పిల్లలు ఎక్కువగా జారేది అక్కడే. పేజీలో అయితే ఇంకో ముక్క దూర్చి బిగించినట్టు అని చెప్పేవాణ్ణి, కానీ ఇప్పటి పిల్లలకు ఆ చట్రం చూపించడానికి ప్రెస్సు లేదు. ముందు ఆఫ్‌సెట్ వచ్చింది, కంప్యూటరులో పేజీ కూర్చే డీటీపీ వచ్చింది, టైపు అంతా తూకానికి పోయింది.

1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తెలుగు పుస్తకాలు సరిచేయించాడు. నిఘంటువులు చేశాడు. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. అక్కడికి పోయినప్పుడల్లా నాకు పండితులతో పాటు, ఆ పుస్తకాలకు ఒక్కొక్క అక్షరం ఏరి కూర్చిన వాళ్ళెవరో అన్న ఆలోచన వస్తుంది.

అక్క పెండ్లి 1986 ఎండాకాలంలో. మాటల్లేకుండా ఆరేళ్ళు దాటుతోంది. శుభలేఖ నాయనే కూరుస్తానన్నాడు. ప్రెస్సు మూశాక ఓనరు తాళాలు ఆయన చేతికే ఇచ్చి పోయాడు. నేను లాంతరు పట్టుకుని పక్కన నిలబడ్డాను, ఆ రాత్రి కరెంటు లేదు. పైన శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. వినాయకుడి బ్లాకు. అక్క పేరు, బావ పేరు, ముహూర్తం. అడుగున ఆహ్వానించువారు. పేజీ నిండిపోయింది. చట్రం బిగించడమే మిగిలింది.

నాయన తాళంచెవి తీసుకుని కొంచెంసేపు అట్లే నిలబడ్డాడు. తర్వాత దాన్ని పక్కన పెట్టి, మళ్ళీ స్టిక్కు అందుకున్నాడు. పన్నెండు పాయింటు కేసు దగ్గరికి పోయి ఒక వరుస కూర్చాడు. తలకిందులుగా ఉన్న ఆ అక్షరాలు లాంతరు వెలుగులో నేను చదివాను. చిన్నాయన పేరు.

పెట్టడానికి చోటు లేదు. కార్డు కొలత పెరగదు. నాయన వంగి, మొనదేలిన పట్టకారుతో వరుసల మధ్య నుంచి లెడ్లు తీయడం మొదలుపెట్టాడు. ముహూర్తం కింద నుంచి ఒకటి. మా తాత పేరు కింద నుంచి ఒకటి. రెండు పాయింట్ల పట్టీలు ఆరు తీస్తే పన్నెండు పాయింట్ల వరుసకు చోటు వస్తుంది. ఆరూ తీసి బల్ల మీద పేర్చాడు. పైవరుసలు కొంచెం దగ్గరకు జరిగాయి. కింద తన పేరు పక్కన కాకుండా, తన పేరుకు సరిగ్గా కిందే ఆ వరుస దించాడు.

"మేకప్ అయిందా నాయనా?" అన్నాను.

"అయితాంది" అన్నాడు. చట్రం బిగించి, ఒక పక్క ఎత్తి, అరచేత్తో తట్టి చూశాడు. ఒక్క అక్షరం కదల్లేదు.

పెండ్లికి తోడబుట్టినవాణ్ణి పిలవాలంటే ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవాలి. నాయన పోలేకపోయాడు. అమ్మనూ నన్నూ పంపాడు. గుంతకల్లు క్వార్టర్సులో చిన్నాయన డ్యూటీ దిగి వచ్చి నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిన్నమ్మ అమ్మను చూసి ఏడుస్తూ లోపలికి తీసుకుపోయింది. నేను పసుపు పూసిన కార్డు ఆయన చేతికిచ్చాను. పైనుంచి ఒక్కొక్క వరుసా చదువుతూ వచ్చి కింద ఆగిపోయాడు.

"మీ నాయనే కూర్చినాడా?"

"అవును చిన్నాయనా. ఒక్కడే కూచుని."

ఆ కాలపు అచ్చులో అక్షరం కాగితంలోకి దిగేది. వెనక్కి తిప్పి తడిమితే వేలికి తగిలేది. చిన్నాయన కార్డు తిప్పాడు. బొటనవేలు అడుగు దాకా దింపి, తన పేరు ఉన్నచోట రెండు మూడుసార్లు తడిమాడు.

"ముందురోజు పొద్దున్నే రావల్ల గదా," అన్నాడు గొంతు సవరించుకుని. "పందిరి వేసేది ఉంటాది."